పెట్టె యడుగున దొరికిన కాగితములు

ఈ యేడు మా చిన్నవాడు ఇల్లు విడిచి కళాశాల వసతిగృహమునకు పోవుచున్నాడు. వానికొఱకు అటకమీది ఇనుపపెట్టెను దింపించి, దుమ్ము దులిపి, అడుగున పఱచిన పాతపత్రికలను తీయుచుండగా రెండు మడతకాగితములు మా చేతబడినవి. అవి మా పెద్దమ్మాయివి. ఒకదానిమీద 2020వ సంవత్సరము నవంబరు 15వ తేదియు, రెండవదానిమీద అదే సంవత్సరము డిసెంబరు 4వ తేదియు ఉన్నవి. రెండింటను ఫలితముండు చోట ఒక్కమాటయే అచ్చువేయబడియున్నది: పాజిటివ్.

ఆ కాగితములు పట్టుకొని మేము కొంతసేపు పనిమాని కూర్చుంటిమి. మాకు వచ్చిన రోగము పెద్దది కాదు. మా యింట ఎవ్వరికిని ప్రాణాపాయము కలుగలేదు. ఆ యేడును, దాని మరుసటి యేడును తమవారిని పోగొట్టుకొన్న సోదరీమణులు ఈ పత్రికను చదువువారిలో పెక్కుమంది యుందురు. వారి దుఃఖము ముందర మా కథ చెప్పదగినది కాదని యిన్నాళ్లును ఊరకుంటిమి. కాని ఆ మొదటి కాగితమునకును మా వీథిలోని యొక యింటికిని సంబంధము కలదు. దానిని చెప్పుకొనినచో బిడ్డలను పైయూళ్లకు చదువునకు పంపు తల్లులకు కొంత ఉపయోగపడునేమో యని తోచి, సిగ్గు విడిచి వ్రాయుచున్నాము.

మాది పుత్తూరు. నాడు చిత్తూరు జిల్లాలోనిది. 2022వ సంవత్సరము ఏప్రిలు నుండి తిరుపతి జిల్లాలోనిది. చెన్నపట్టణమునకు పోవు రైలుదారిలో నున్న యీ యూరు పేరు విన్నంతనే దూరదేశములవారికి సైతము పుత్తూరు కట్టు జ్ఞప్తికి వచ్చును. చేయి విఱిగినవారును, కాలు బెణికినవారును ఎక్కడెక్కడినుండియో వచ్చి కట్టు కట్టించుకొని పోవుచుందురు. అందువలన రోగమనగా కంటికి కనబడునదియు చేతికి తగులునదియు అని మా యూరి స్త్రీలకు చిన్ననాటినుండి యొక నమ్మకము. వాచినచోట వాపు కనబడును, విఱిగినచోట నొప్పి తెలియును. నొప్పియు వాపును లేని బిడ్డకు రోగమున్నదనినచో నమ్ముట మావంటివారికి కష్టము.

2020వ సంవత్సరమున వచ్చినది అట్టి కనబడని రోగమే. మన దేశమున కరోనా మొట్టమొదట బయటపడినది ఆ యేడు జనవరి 30వ తేదిని, చీనాదేశపు వూహాను నగరమునుండి సెలవులకు ఇల్లు చేరిన కేరళదేశపు వైద్యవిద్యార్థినియందు. మన రాష్ట్రమున మొదట బయటపడినది మార్చి 12వ తేదిని, ఇటలీనుండి నెల్లూరునకు తిరిగివచ్చిన యొక విద్యార్థియందు. రెండుచోట్లను చదువుకొను బిడ్డలే, ఇల్లు చేరుకొనిన బిడ్డలే. వారు చేసిన తప్పేమియు లేదు. బిడ్డలు కళాశాలలకును ఇండ్లకును నడుమ తిరుగుచుందురు గనుక రోగమును వారివెంట తిరిగినది. ఈ సంగతిని మేము నాడు పత్రికలలో చదివితిమి గాని మా యింటికి అన్వయించుకొనలేదు.

మార్చి నెల చివర దేశమంతయు మూతబడినప్పుడు, బెంగుళూరున చదువుచున్న మా అమ్మాయియు పెట్టె సర్దుకొని వచ్చినది. పుత్తూరు, నారాయణవనము, నగరి ప్రాంతములలో పగలును రాత్రియు టకటకలాడు మరమగ్గములు ఆగిపోయి, వినుటకు వింతయైన నిశ్శబ్దము అలముకొన్నది. ఏడుమాసములు అమ్మాయి వరండాలో ఫోను ముందర కూర్చుండి పాఠములు వినెను. ప్రయోగశాలలో చేతితో చేయవలసిన పనులను ఫోనులో చూచి వ్రాసికొనుచు, "అమ్మా, ఇది వంటను పుస్తకంలో చదివి నేర్చుకున్నట్టుంది" అనుచుండెను. అందుచేత కళాశాలలు తెఱతురను వార్త రాగానే ఆ పిల్ల ముఖమున వెలుగు వచ్చినది. మన రాష్ట్రమున విద్యాలయములు నవంబరు 2వ తేదినుండి విడతలవారిగా తెఱవబడినవి. కర్ణాటకమున కళాశాలలను నవంబరు 17వ తేదిని తెఱచుటకు నిశ్చయించిరి.

ఆ తెఱచుటకు మూడు నియమములుండెను. తరగతికి రావలెనని నిర్బంధము లేదు. రాదలచినవారు తల్లిదండ్రుల సమ్మతిపత్రము తేవలెను. రోగము లేదని తేల్చిన ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షాపత్రము చూపవలెను, అదియు డెబ్బదిరెండు గంటలలోపలిదై యుండవలెను. సమ్మతిపత్రమును మా యింటివారు అప్పుడే వ్రాసియిచ్చిరి. డెబ్బదిరెండు గంటల లెక్కయే చిక్కు పెట్టినది. 17వ తేది మంగళవారము. వెనుకకు లెక్కించినచో శనివారము ఉదయమునకు పూర్వము ఇచ్చిన పరీక్ష చెల్లదు. ఆదివారము ఇచ్చినచో ఫలితము వేళకు వచ్చునో రాదో యని భయము. శనివారము, నవంబరు 14, దీపావళి.

పండుగనాడు ఆసుపత్రికి పోవుటేమని మా అత్తగారు నొచ్చుకొనిరి. తెల్లవారుజామున అమ్మాయికి తలంటి, కొత్తబట్టలు కట్టించి, తలయైనను సరిగా ఆరకమునుపే పరీక్ష చేయుచోటికి పంపితిమి. ఆ నెలలలో పరీక్షలకు లోటు లేకుండెను. మార్చి తొలినాళ్లలో రాష్ట్రమున నమూనాలు పరీక్షించు చోటనగా తిరుపతి స్విమ్సు ఆసుపత్రి పేరే వినబడుచుండగా, తరువాత జిల్లా జిల్లాకును ప్రయోగశాలలు వెలసినవి. ఆర్.టి.సి. వారి ఇంద్ర బస్సులను మార్చి "సంజీవని" యని పేరుపెట్టి ఊరూర పరీక్షలకు త్రిప్పిరి. నవంబరు చివరకు రాష్ట్రమున జరిగిన పరీక్షలు కోటి దాటినవి.

ఆ పరీక్ష ఎట్టిదో తెలిసికొనుట గృహిణులకు అనవసరము కాదు. సన్నని పొడుగుపాటి పుల్లను ముక్కులోనికి లోతుగా పోనిచ్చి త్రిప్పి తీయుదురు. కండ్లవెంట నీళ్లు వచ్చును, అంతకుమించి బాధ లేదు. ఆ పుల్లను ద్రవమున్న గొట్టములో నుంచి, మంచుపెట్టెలో ప్రయోగశాలకు పంపుదురు. అక్కడ ఆ పదార్థమునుండి వైరసు యొక్క జన్యుపదార్థము నుండెనేని వేఱుచేసి, దానికి నకలు తీసి, ఆ నకలును యంత్రములో రెట్టింపు చేయుదురు. ఒకటి రెండగును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదియగును. ఇట్లు ముప్పదిమార్లు రెట్టించినచో ఒక్కటి నూటయేడు కోట్లు దాటును. అంతగా పెంచిన పిదప యంత్రము దానిని పసికట్టును. ముప్పదియైదు, నలువదిమార్లు రెట్టించినను ఏమియు కనబడనిచో రోగము లేదని వ్రాయుదురు. కంటికి కనబడనిదానిని కనబడజేయు విద్య యిది. పుల్లలోనికి వచ్చినదానిని మాత్రమే ఆ యంత్రము చూడగలదు. పుల్లకు అందనిదానిని గాని రేపు పుట్టబోవుదానిని గాని చూడజాలదు.

అమ్మాయి పరీక్ష యిచ్చి పదిగంటలకు ఇల్లు చేరినది. ఫలితము మరునాడు ఫోనుకు వచ్చునని చెప్పిరట. ఆ పిల్లకు జ్వరము లేదు, దగ్గు లేదు. రెండుదినములుగా కాఫీ సరిగా వాసన రాలేదని యొకమారు అనెను. వానలు పట్టినవి, పడిశము చేయునేమో యని మేము మిరియాలపాలు కాచి యిచ్చితిమి.

సాయంకాలము దీపములు పెట్టిన తరువాత, ఏటేట చేయునట్లే కజ్జికాయలు, మురుకులు పళ్లెములలో పెట్టి, పైన గుడ్డ కప్పి, ఇరుగుపొరుగు నాలుగిండ్లకు పంపితిమి. ఎవరిచేత పంపితిమి? అమ్మాయిచేతనే పంపితిమి. ఏడుమాసములు ఇంట ముడుచుకొని కూర్చున్న బిడ్డ, ఇక మూడుదినములలో వెళ్లిపోవును, అందఱను ఒక్కమారు చూచి రానీ యనుకొంటిమి. మూడిండ్లలో గడపయొద్దనే ఇచ్చి వచ్చినది. నాలుగవది మాకు మిక్కిలి ఆప్తులైనవారి యిల్లు. అక్కడ కూర్చుండబెట్టి, తినుమని పెట్టి, మాటలాడించిరి. తలుపులు మూసిన హాలులో అరగంటకుపైగా కూర్చున్నది. తినునప్పుడు మాస్కు ఉండదుగదా. ఆ యింటివారి కుమారుడు నెల్లూరున ఉద్యోగము చేయువాడు, పండుగకు వచ్చియుండెను. అమ్మాయిని బెంగుళూరు సంగతులు అడుగుచు ప్రక్కనే కూర్చున్నాడట.

పాఠకసోదరీమణులు ఇప్పుడు అడుగవచ్చును: ఉదయము పరీక్ష యిచ్చిన బిడ్డను, ఫలితము రాకమునుపే, సాయంకాలము నాలుగిండ్లకు ఎట్లు పంపితిరి? అడుగవలసిన ప్రశ్నయే. మా యొద్ద నున్న యుత్తరము ఇంతే. ఆ పరీక్షను కళాశాలవారు అడిగిరి, కళాశాలకొఱకు ఇచ్చితిమి. సమ్మతిపత్రమువలె, రుసుము రసీదువలె అదియు ఒక కాగితమనుకొంటిమి. అది మా వీథికిని మా యింటికిని సంబంధించినదను తలంపే మాకు రాలేదు. బెంగుళూరు కళాశాల వాకిట రోగము నిలువవలెనని చూచితిమి గాని, మన వాకిట నున్నదేమో యని చూచుకొనలేదు.

ఆదివారము రాత్రి ఎనిమిదిగంటలకు ఫోనుకు సందేశము వచ్చినది.

మొదట అది పొరపాటనుకొంటిమి. తరువాత అమ్మాయిని ముందుగదిలోనికి పంపి తలుపు మూసితిమి. డెబ్బదియైదేండ్ల అత్తగారు, మధుమేహము కలవారు, వెనుకగదిలో నుండిరి. ఆమెను తలచుకొని కాళ్లు వణకినవి. మా యింటివారు ఫోను పట్టుకొని తెలిసినవారిని సలహా యడుగుచుండగా, ఒక పెద్దమనిషి, "దీనికింత కంగారెందుకు? బిడ్డ బాగానే ఉంది కదా. లేదని రాసిన కాగితం కొంత డబ్బు పారేస్తే దొరుకుతుంది; ఎల్లుండి క్లాసుకు పోవచ్చు" అని చెప్పెను. అట్టి దొంగపత్రములు అమ్మి పట్టుబడినవారి వార్తలు ఆ యేడు దేశమున పలుచోట్లనుండి పత్రికలకెక్కినవి. ఆ మాటను మా యింటివారు అప్పుడే త్రోసిపుచ్చిరి. దానికి మేము గర్వపడితిమి. కాని ఆ గర్వమునకు అర్హులము కామని తెల్లవారిన పిదప తెలిసినది.

ఏలయనగా, దొంగపత్రము వలదన్న మేమే ఆ రాత్రి పొరుగువారికి చెప్పుటకు వెనుదీసితిమి. తొమ్మిదిగంటలు కావచ్చినది, పండుగ మరునాడు, ఇప్పుడు పోయి వారి నిద్ర చెఱుపుటెందుకు, ఉదయము చెప్పవచ్చును అనుకొంటిమి. పైకి చెప్పుకొన్న కారణమది. లోపలి కారణము వేఱు. ఆ నెలలలో రోగము తేలిన యింటిని జనులు చూచు చూపు మాకు తెలియును. పాలవాడు గడపకు దూరముగా నిలుచును. పనిమనిషి మానివేయును. ఆ యింటి పిల్లకు పెండ్లిమాటలు వచ్చినప్పుడు సైతము ఎవరో గుర్తు చేయుదురు. ఒక్క రాత్రి గడచినచో ఏదో యొక దారి దొరకునని మనస్సు మభ్యపెట్టినది. దీపము ఆర్పి పడుకొంటిమి, నిద్ర పట్టలేదు.

ఉదయము ఆరుగంటలకు ఆ నాలుగవ యింటి గేటు వెలుపల నిలిచి, ఆ యింటి యిల్లాలిని "అక్కా" యని పిలిచి సంగతి చెప్పితిమి. ఆమె మాకంటె పెద్దది, ఇరువదియేండ్లుగా తోడబుట్టినదానివలె చూచుకొనినది. కోపించునేమో యనుకొంటిమి, కోపించలేదు. కొంతసేపు మాటలాడకుండ నిలిచి, పిదప మెల్లగా అన్నది:

"రాత్రే చెప్పుంటే మావోడు తెల్లారుజామున బస్సెక్కుండడు గదమ్మా."

ఆమె కుమారుడు అయిదుగంటల బస్సునకు నెల్లూరు వెళ్లిపోయినాడు. అక్కడ అతని భార్యయు, అత్తమామలును, రెండేండ్ల బిడ్డయు ఉన్నారు. బస్సులో ఎందఱున్నారో భగవంతునికే తెలియును. మేము నిద్రపట్టక దొరలిన ఆ రాత్రి, లేచి నాలుగడుగులు వేసి చెప్పియుండిన, అతడు తల్లియింటనే నిలిచియుండును.

అతనికి ఫోను చేసిరి. అతడు వివేకవంతుడు. ఇల్లు చేరక, మిత్రుని ఖాళీగదిలో విడిగా నుండి, తొందరపడక అయిదవనాడు పరీక్ష చేయించుకొనెను. రోగమున్నదని తేలెను. జ్వరము వచ్చి నాలుగుదినములు బాధపడి, కోవిడు కేంద్రములో నుండి కోలుకొనెను. అతని యింట ఎవ్వరికిని అంటలేదు. మా అమ్మాయివలన వచ్చినదా, బస్సులో వచ్చినదా, పండుగ బజారులో వచ్చినదా యని తేల్చువారు లేరు. తేలకపోవుట మాకు ఊరట కాలేదు. ఆ బస్సులో అతని ప్రక్కన కూర్చున్నవారెవరో, వారి యింట ముసలివారెవరో, వారికేమైనదో మాకు ఇప్పటికిని తెలియదు.

తరువాతి దినములను క్లుప్తముగా చెప్పెదము. అమ్మాయి పదిదినములు ఒక గదిలో నుండెను. ఆపైన ఏడుదినములు ఇల్లు కదలలేదు. ఆశా కార్యకర్తయు, వార్డు వాలంటీరును వచ్చి మందులపెట్టె యిచ్చిపోయిరి. పూటపూటకును వ్రేలికి పల్సు ఆక్సీమీటరు పెట్టి చూచి వ్రాసికొంటిమి. తొంబదినాలుగునకు తగ్గినచో ఆసుపత్రికి తీసికొనిపొమ్మని చెప్పియుండిరి, ఎన్నడును తగ్గలేదు. గది కిటికీలు రెండును తెఱచియుంచితిమి. ఈ రోగము ముఖ్యముగా ఊపిరివెంట, మూసిన గదులలోని గాలిలో వ్యాపించునని నేడు అందఱకును తెలిసినదే. నాడు మేము పళ్లెములను వేడినీళ్లతో తోముటయందు చూపిన శ్రద్ధలో సగము కిటికీలు తెఱచుటయందు చూపియుండిన మేలు. అత్తగారికి రెండుమార్లు పరీక్ష చేయించితిమి. రెండుమార్లును లేదని వచ్చినది.

వీథివారు మమ్ము వెలివేయుదురని భయపడితిమిగదా. నాలుగవ యింటి యక్క నాలుగవనాటినుండి తన క్యారియరులో రసమును, అన్నమును తెచ్చి గేటుమీద పెట్టి, "అమ్మణ్ణికి పెట్టు" అని కేక వేసి పోవుచుండెను. తన బిడ్డ నెల్లూరులో జ్వరముతో నున్న దినములలో కూడ తెచ్చినది. మేము దాచుటకు కారణమనుకొన్న చిన్నచూపు ఆ గేటుయొద్ద మాకు ఎదురుకాలేదు. ఆ క్యారియరు కడిగి తిరిగి యిచ్చునప్పుడెల్ల మాకు కలిగిన సిగ్గు, ఎవరో మమ్ము దూరముగా నుంచినచో కలుగు సిగ్గుకంటె పెద్దది.

ఆ దినములలో చదువుకొనుటకు తీరిక దొరకినది. బెంగుళూరునకును మా దిక్కునకును నడుమ ఇట్టి కాగితముల రాకపోకలు కొత్తవి కావని తెలిసికొంటిమి. 1896లో బొంబాయిని పట్టిన ప్లేగు 1898లో బెంగుళూరు చేరినది. అప్పుడు మదరాసు రాజధానిలోనికి ప్లేగు ఉన్నచోట్లనుండి వచ్చువారికి రైలుస్టేషనులలో "ప్లేగు పాసుపోర్టు" అను చీటి యిచ్చెడివారు. ఆ చీటి చేతబట్టుకొని, చేరిన యూరిలో పదిదినములపాటు అధికారి యెదుట ప్రతిదినమును కనబడవలెను. ఆ దినములలో పరీక్షలకు వెఱచి రోగులను దాచిన యిండ్లు ఎన్నియో యుండెను. పరపురుషులు స్త్రీలను తాకి చూచుట సహింపక తిరుగబడిన యూళ్లును ఉండెను. నాటివారు దాచుటకు ఒక కారణమున్నది: పరీక్ష యనగా అవమానము, బలాత్కారము. నేడు మా అమ్మాయి ముక్కులో పుల్ల పెట్టినది నెమ్మదిగా మాటలాడిన యొక నర్సమ్మ. అయినను మేము దాచితిమి.

నాటి చీటికిని నేటి పత్రమునకును మఱియొక భేదము కలదు. నాటి చీటి పదిదినములు చూచెదమనెను. నేటి పత్రము ఒక్క క్షణమును మాత్రమే చూచినది. రోగము సోకిన వెంటనే ఈ పరీక్షకు చిక్కదు. 2020లో అమెరికాలోని జాన్సు హాప్కిన్సు విశ్వవిద్యాలయమువారు పలు పరీక్షల ఫలితములను కూర్చి లెక్కవేసిరి. సోకిన నాలుగవనాడు పరీక్షించినచో నూటికి సుమారు 67 మందికి రోగమున్నను లేదని వచ్చును. లక్షణములు సామాన్యముగా పొడచూపు అయిదవనాడు 38 మందికి అట్లు వచ్చును. మిక్కిలి బాగుగా పట్టుబడు ఎనిమిదవనాడు సైతము 20 మందికి తప్పిపోవును. నెల్లూరు చేరిన ఆ యబ్బాయి బస్సు దిగగానే పరీక్షించుకొని, లేదని వచ్చినదని ఇల్లు చేరియుండిన నేమగునో ఊహించుకొనుడు. ఇందువలననే ఆ నవంబరు 5వ తేదిని విశ్వవిద్యాలయ నిధుల సంఘము వెలువరించిన సూచనలలో, వసతిగృహములకు వచ్చు విద్యార్థులు రోగము లేదను పత్రము తెచ్చినను పదునాలుగు దినములు విడిగా నుండి తమ్ము తాము గమనించుకొనవలెనని చెప్పిరి.

పరీక్షలను ఎంత తఱచుగా చేసినను మనుష్యుల మాట నిజము కానిచో చాలదని చూపిన యుదాహరణ యొకటి అమెరికాలో జరిగినది. ఇల్లినాయి విశ్వవిద్యాలయమున 2020 ఆగస్టులో విద్యార్థులు తిరిగివచ్చినప్పుడు, ప్రతివిద్యార్థికిని వారమునకు రెండుమార్లు ఉమ్మి పరీక్ష జరుపు నేర్పాటు చేసిరి. ఫలితము ఫోనులో కనబడును. అది సరిగానుండిననే భవనములలోనికి రానిచ్చెదరు. ఇంతటి కట్టుదిట్టమును మఱెక్కడను చూడలేదని పలువురు మెచ్చిరి. అయినను సెప్టెంబరు మొదట రోగులసంఖ్య ఎగసిపోయి, రెండువారములు విద్యార్థులను కట్టడి చేయవలసివచ్చెను. రోగమున్నదని తెలిసియు కొందఱు విందులకు పోయిరి. యంత్రము తన పని చేసినది; తెలిసినదానిని చెప్పవలసినవారు చెప్పలేదు. ఆ పిల్లలను నిందించుటకు మాకు నోరు రాదు. వారు ఒక సాయంకాలము చేసినదానిని మేము ఒక రాత్రి చేసితిమి.

మనకు దగ్గఱలోని మదరాసు ఐ.ఐ.టి.లో ఆ డిసెంబరు నడుమ నూటికి పైగా విద్యార్థులకు కొలదిదినములలో రోగము తేలినది. అందఱును గుమిగూడి భోజనము చేయు చోటుననే అది వ్యాపించియుండునని అధికారులు భావించి, ఆ భోజనశాలను మూసి, అన్నపుపొట్లములను గదులకు పంపిరి. గడపయొద్ద నిలిచిన మూడిండ్లలో ఎవ్వరికిని ఏమియు కాక, కూర్చుండి తిన్న నాలుగవ యింటిలోనే రోగము కనబడుట మాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చినది.

ఇక రెండవ కాగితము సంగతి. పదునేడు దినములు గడచిన తరువాత అమ్మాయి సంపూర్ణముగా కోలుకొనెను. కాఫీ వాసనయు తిరిగివచ్చినది. కళాశాలవారు మాత్రము లేదని వ్రాసిన పత్రము తెచ్చిననే రానిచ్చెదమనిరి. మరల పరీక్ష చేయించితిమి. మరల ఉన్నదని వచ్చినది. అమ్మాయి ఏడ్చినది. కోలుకొన్నవారిలో వైరసు చచ్చినను దాని తునకలు కొన్నివారములు మిగిలియుండుననియు, యంత్రము చచ్చినదానిని బ్రదికినదానినుండి వేఱుచేయజాలదనియు, ఇట్టివారివలన ఇతరులకు అంటదనియు వైద్యుడు చెప్పి, ఆ సంగతినే వ్రాసి సంతకము చేసియిచ్చెను. కొన్ని యుత్తరప్రత్యుత్తరముల పిదప కళాశాలవారు దానిని అంగీకరించిరి. డిసెంబరు మూడవవారమున చిత్తూరు, పలమనేరు, కోలారు మీదుగా పోవు బస్సులో కిటికీప్రక్కన కూర్చుండి అమ్మాయి వెళ్లెను.

లేదను పత్రము రోగము లేదని ప్రమాణము చేయదు. ఉన్నదను పత్రము రోగము అంటునని ప్రమాణము చేయదు. అట్లని పరీక్ష వ్యర్థమనుకొనరాదు. పరీక్ష లేకున్నచో మా అమ్మాయి ఆ మంగళవారము బెంగుళూరు చేరి, ముగ్గురు పిల్లలున్న గదిలో పండుకొని యుండును. ఆ ముగ్గురి తల్లులును మావలెనే ఎక్కడో ఒక యూరిలో పెట్టెలు సర్ది పంపినవారు. పరీక్ష వారి బిడ్డలను కాపాడినది. మా వీథివారి బిడ్డను కాపాడవలసినది మేము.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2023వ సంవత్సరము మే 5వ తేదిని ఈ వ్యాధి విషయమై ప్రకటించియుండిన అత్యవసరస్థితిని ఎత్తివేసిరి. పుత్తూరున మగ్గములు మరల మ్రోగుచున్నవి. నెల్లూరు అబ్బాయి యేటేట పండుగకు వచ్చుచున్నాడు. మేమును కజ్జికాయలు పంపుచున్నాము. ఆ యక్క ఆ మాటను మరల ఎన్నడును ఎత్తలేదు. మేమే ఒకమారు ఎత్తి క్షమింపుమని యడిగితిమి. "పొద్దున్నే వచ్చి చెప్పినావు గదమ్మా, అది కూడా చెప్పనోళ్లెంతమంది" అని ఆమె లోపలికి పోయి కాఫీ తెచ్చినది.

వసతిగృహమున తట్టు వచ్చును, గవదబిళ్లలు వచ్చును, కండ్లకలక వచ్చును. రేపు మఱేదియైనను రావచ్చును. కళాశాలవారు ఏ పత్రము అడుగుదురో వారిష్టము, అడిగినది ఇచ్చెదము. మా చిన్నవానికి మాత్రము మేము వేఱుగా ఒక మాట చెప్పియున్నాము: ఒంట్లో నలతగా నున్ననాడు మొదట ప్రక్కమంచముమీది బిడ్డకు చెప్పుము, పిదప మాకు ఫోను చేయుము. రాత్రియైనను సరే, నిద్ర లేపియైనను సరే, తెల్లవారనీయవద్దు.

ఆ రెండు కాగితములను పారవేయలేదు. మరల మడిచి, కొత్తపత్రిక పఱచి, దానిక్రింద పెట్టెయడుగుననే ఉంచి, పైన వాని బట్టలు సర్దితిమి.